అమ్మ అడ్డం కాదు, తమ్ముణ్ణి రానివ్వండి

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. పాలకొల్లులో ప్రభుత్వ బ్యాంకులో క్లర్కుని. ఆఫీసర్ ప్రమోషన్ అవకాశం వచ్చిన ప్రతిసారీ బదిలీ భయంతో వద్దన్నాను. నాతో చేరినవాళ్లు ఇప్పుడు మేనేజర్లు. అమ్మకు 76 ఏళ్లు, షుగర్, ఇన్సులిన్ మీద ఉంది. నాన్నగారు పోయాక అమ్మని నేనే చూసుకుంటున్నాను. తమ్ముడు విశాఖలో ఉంటాడు, వాడికి ఇవన్నీ ఏం తెలుసు? సంక్రాంతికి వచ్చినప్పుడు ఇంజెక్షన్ చేస్తానని సిరంజి పట్టుకుంటే, లాక్కుని నేనే చేశాను. ఒకసారి అమ్మ ‘చిన్నాడి దగ్గర ఓ నెల ఉండొస్తాన్రా’ అంటే, వాడిది మూడో అంతస్తు, నీకు కుదరదని చెప్పాను. మా ఆవిడ ఈసారైనా ఒప్పుకోమంటోంది. పోయినేడు ఒప్పుకున్న ఇద్దరినీ ఒడిశాలో వేశారు. నాకు ఆ భాష రాదు. పెరిగే జీతానికి ఈ వయసులో ఆ టెన్షన్ గిట్టుబాటవుతుందా? నెలాఖరులోగా చెప్పాలి.

జవాబు: జీతం లెక్క నన్నడగకండి. ఇన్నేళ్లు కౌంటర్లో కూర్చుని ఊరందరి లెక్కలూ చూసిన మీకు అది పది నిమిషాల పని. భాష సంగతీ అంతే. బరంపురం బజార్లో తెలుగులోనే బేరమాడి కూరగాయలు కొనుక్కోవచ్చు. రాష్ట్రపతి అయిన వి.వి.గిరి పుట్టిన ఊరది. భువనేశ్వర్‌లో వేసినా విశాఖ నుంచి రైల్లో సుమారు 440 కిలోమీటర్లు, రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు.

నేను ఆగిపోయింది సిరంజి దగ్గర. మీరు దాన్ని గొప్పగానే రాశారు. నాకు మాత్రం చేతిలోంచి సిరంజి పోయాక పక్కన నిలబడిపోయిన మీ తమ్ముడే కనిపించాడు. పండక్కి అందరూ ఉన్న ఇంట్లో, కన్నతల్లికి సూది వేయడానికి కూడా పనికిరాడని అన్నగారు తేల్చేశారు. ఇక అతను మళ్లీ ఎందుకడుగుతాడు? అడగడు. అడగడం లేదు కాబట్టి వాడికి పట్టదని మీరు అనుకుంటారు. నాన్నగారు పోయాక మీరు ఇంటిపెద్ద అయ్యారు, సరే. తమ్ముణ్ణి మాత్రం ఆనాటి వయసులోనే ఉంచేశారు.

‘నేనే చూసుకుంటున్నాను’ అన్నారు. పొద్దున బ్యాంకుకెళ్లి సాయంత్రం వచ్చే మనిషి మధ్యాహ్నం అమ్మకి అన్నం పెట్టలేడు కదా. ఎవరు పెడుతున్నారు? ఆ పెట్టే మనిషే ప్రమోషన్ తీసుకోమంటోంది. ఆవిడ మాటకి మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దక్కింది.

తల్లిని చూసుకోవడం కొడుకు ధర్మం, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అది పెద్దకొడుకు పేరున రిజిస్టరైన ఆస్తి కాదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా కొడుకులతో పాటు కూతుళ్లనీ, మైనారిటీ తీరిన మనవలనీ కలిపే లెక్కపెట్టింది. చట్టం దాకా ఎందుకు, అమ్మే చిన్నాడి దగ్గరికి వెళ్తానంది. కాదన్నది మీరు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మీతో చేరినవాళ్లు మేనేజర్లయ్యారంటే, మీకు అవకాశాలు అప్పట్నుంచే వస్తున్నాయన్నమాట. అమ్మ వంటింట్లో చకచకా తిరుగుతున్న రోజుల్లో ఏం అడ్డొచ్చింది? పాలకొల్లులో మీరు లేకపోతే నడవని ఇల్లొకటి ఉంది. కొత్త ఊళ్లో, కొత్త కుర్చీలో మీరు ఎవరికీ తెలియని మనిషి. ఆ భయం తప్పు కాదు, ఎవరికైనా ఉంటుంది. దానికి అమ్మ పేరు పెట్టడం తప్పు.

ఒక తెల్లకాగితం తీసుకుని రాయండి. ఏ ఇన్సులిన్, పొద్దున ఎన్ని యూనిట్లు, రాత్రి ఎన్ని, భోజనానికి ఎంత ముందు. సీసా ఫ్రిజ్‌లో ఉండాలి, ఫ్రీజర్‌లో కాదు. సూది రోజూ ఒకేచోట వేయకూడదు. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపిస్తే షుగర్ పడిపోయిందేమో అనుకోవాలి. తెలివిలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటాగి మళ్లీ పరీక్ష చేయాలి. మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ కాగితం ఒకసారి మీ డాక్టరుగారికి చూపించి తమ్ముడికి ఇవ్వండి.

‘అమ్మని చూసుకోగలవా’ అని మాత్రం అడక్కండి, అది పరీక్ష పెట్టడమే. ‘అమ్మ నీ దగ్గర ఓ నెల ఉంటానంటోంది, ఎప్పుడొచ్చి తీసుకెళ్తావు’ అనండి. మీ మరదలితో కూడా మీరే మాట్లాడండి. ఆవిడ ఇంటికి మనిషిని పంపుతూ ఆవిణ్ణి అడక్కపోవడం మర్యాద కాదు. లిఫ్ట్ ఉందో లేదో కూడా కనుక్కోండి. మూడో అంతస్తని రాశారు గానీ, ఆ సంగతి రాయలేదు.

అమ్మ వెళ్లాక రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి ‘సూది వేశావా’ అని వేధించొద్దు. మొదట్లో మీ చెయ్యీ వణికే ఉంటుంది.

నెలాఖరుకి ఒప్పుకుంటున్నానని రాసిచ్చేయండి. పోస్టింగ్ ఆర్డర్ వచ్చేలోపు అమ్మ విశాఖలో ఉండి చూస్తుంది. అక్కడ నచ్చితే ఒడిశా నుంచి మీకూ పాలకొల్లు కన్నా విశాఖే దగ్గర. తమ్ముడు నిజంగానే కాదంటే మళ్లీ రాయండి. అనడనే నా నమ్మకం.