టెక్ సందేహాలు: 23 పట్టాల్సిన ట్యూబులో ఐదే ఉన్నాయేంటి?

ప్రశ్న: ఎంటెక్ ప్రాజెక్టు కోసం కార్బన్ నానోట్యూబులో (కార్బన్ పరమాణువులతో అల్లిన అతి సన్నని గొట్టం) నీటిని గ్రోమాక్స్‌లో, అంటే అణువుల కదలికలను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లో, సిమ్యులేట్ చేస్తున్నాను. ట్యూబు వ్యాసం 0.81 నానోమీటర్లు, పొడవు 1.34. లెక్క ప్రకారం 23 నీటి అణువులు పట్టాలి, నాకు ఐదే కనిపిస్తున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో తప్పుందా? 16 జీబీ ర్యామ్‌ను 32 చేయించుకోవాలా? రాత్రంతా నడిపితే ల్యాప్‌టాప్ కాలిపోతోంది కూడా.

జవాబు: టెన్షన్ పడకండి, మీ ఐదు సరైనదే. 2001లో శాస్త్రవేత్త గెర్హార్డ్ హమ్మర్ బృందం ఇదే సైజు ట్యూబు సిమ్యులేషన్‌ను 66 నానోసెకన్ల పాటు నడిపితే లోపల ఉన్నవి దాదాపు ఐదే.

తేడా మీ 23లో ఉంది. మామూలు నీటికి వర్తించే, ఘన నానోమీటరుకు 33 అణువులన్న లెక్కను ట్యూబు మొత్తానికి వేసేశారు. ఆ 0.81 ఒక కార్బన్ కేంద్రం నుంచి ఎదుటి కార్బన్ కేంద్రానికి తీసిన కొలత. గోడ మందాన్ని కూడా కలిపి గది కొలిచినట్టన్నమాట! ఒక్కో వైపు సుమారు 0.17 తీసేస్తే మిగిలేది 0.47. అప్పుడు 23 కాస్తా ఎనిమిదికి దిగుతుంది. ఆ ఎనిమిదీ పట్టవు. లోపల అణువులు రేషన్ షాపు క్యూలా ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి, పక్కన ఇంకోదానికి చోటుండదు. అంత ఇరుకులో సాంద్రత అన్న మాటకే పెద్దగా అర్థం లేదు. రిపోర్టులో నానోమీటరు పొడవుకు ఎన్ని అణువులో రాయండి.

ఒక్క జాగ్రత్త. కార్బన్‌కీ నీటికీ మధ్య ఆకర్షణను కాస్త తగ్గించినా ట్యూబు నిండుతూ, ఖాళీ అవుతూ ఉంటుందని హమ్మర్ బృందమే చూపించింది. కాబట్టి ఆ ఆకర్షణకు ఏ విలువలు వాడారో మీ గైడ్ అడగకముందే పట్టికలో పెట్టేయండి.

ర్యామ్‌కు డబ్బు తగలేయకండి. కొన్ని వేల పరమాణువులకు 16 జీబీ చాలా ఎక్కువ. సిమ్యులేషన్ కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా లెక్కిస్తూ పోతుంది, సమయమంతా ఆ అడుగుల సంఖ్యే తినేస్తుంది. ఒక్కో అడుగు 2 ఫెమ్టోసెకన్లయితే (నానోసెకనులో పది లక్షల వంతు ఒక ఫెమ్టోసెకను) 66 నానోసెకన్లకు 3.3 కోట్ల అడుగులు వేయాలి. ఇంత చిన్న సిస్టమ్‌లో ఖరీదైన గ్రాఫిక్స్ కార్డుకూ చేతినిండా పని ఉండదు.

ఇక వేడి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి నడపట్లేదు కదా? బల్ల మీద పెట్టి, వెనక రెండు పుస్తకాలు ఎత్తు పెట్టండి. థ్రెడ్లు (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పనుల వరుసలు) సగానికి తగ్గించండి. మధ్యలో ఆపేసినా, కరెంటు పోయినా పర్వాలేదు. గ్రోమాక్స్ మామూలుగా ప్రతి 15 నిమిషాలకూ చెక్‌పాయింట్ ఫైలు రాసుకుంటుంది, అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు.