మీటర్ సరే అంటోంది, కస్టమర్ వద్దంటున్నాడు: ఎవరి మాట వినాలి?

ప్రింటింగ్ ల్యాబ్ వాళ్ళు "డెల్టా ఈ నాలుగే, ప్రింట్ బాగుంది" అంటున్నారు, కస్టమరేమో మొహం బాలేదంటున్నాడు, అసలు ప్రింట్‌లో రంగు బాగుందో లేదో కొలిచే పద్ధతేంటి అని ఒకరు అడిగారు. విజయనగరంలో పదహారేళ్ళుగా పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తున్నాను. అసలు రంగుకీ ప్రింట్ రంగుకీ తేడా ఎంతో రంగులు కొలిచే మీటర్ చెబుతుంది, ఆ అంకే డెల్టా ఈ. ఆ తేడా ఒప్పుతుందో లేదో మాత్రం మనుషుల్నే అడగాలి.

1976లో వచ్చిన సీఐఈల్యాబ్ అనే రంగుల కొలత లెక్కలో ప్రతి రంగుకీ మూడు అంకెలు: వెలుగు, ఎరుపు-ఆకుపచ్చ, పసుపు-నీలం. రెండు రంగుల మధ్య దూరమే డెల్టా ఈ. దూరమే గానీ దిక్కు చెప్పదు. చామనఛాయ మొహం నాలుగు ఎరుపు వైపు జరిగితే కళగా ఉందంటారు. అదే నాలుగు ఆకుపచ్చ వైపు జరిగితే ఆల్బమ్ వెనక్కొస్తుంది.

నాకు అలాగే వచ్చింది. మంగళస్నానం ఫొటో, పెళ్ళికూతురి బుగ్గల నిండా పసుపు. ప్రింట్‌లో ఆ పసుపు దవడ అంచున, నీడ పడ్డచోట పాచిరంగుకు తిరిగింది. ప్రింట్‌ని పరీక్షించే రంగుల చార్టులో 24 గళ్ళ సగటు తేడా బాగానే ఉంది. చర్మం రంగు గళ్ళు విడిగా చూడకపోవడం నా తప్పు. వాళ్ళమ్మగారు సరిగ్గా అక్కడే వేలు పెట్టి, "మా పిల్లకి జొరం వచ్చినట్టుంది బాబూ" అన్నారు. ఆల్బమంతా నా ఖర్చుతో మళ్ళీ వేయించాను.

అప్పట్నుంచి ఒకే ఫొటోని ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా కొద్దికొద్దిగా జరిపి అయిదు ప్రింట్లు తీయిస్తాను. రెండేసి పక్కపక్కన పెడితే పది జతలు. కుడి ఎడమలు మారుస్తూ షాపుకొచ్చినవాళ్ళకి చూపిస్తాను. "ఏది బాగుంది?" అని ఒకసారి, "ఇదొక్కటే ఇస్తే తీసుకుంటారా?" అని ఇంకోసారి అడగండి. రెండూ ఒకటి కావు, రెండోదే మీక్కావలసింది. లైటు 5000 కెల్విన్‌ది, అంటే పగటి వెలుగులాంటి తెల్లనిది వాడండి, మామూలు ట్యూబ్‌లైటు కింద వచ్చిన జవాబు నమ్మొద్దు.

ఆకాశం, గడ్డి అసలుకంటే కాస్త నిండుగా ఉన్నా జనానికి నచ్చుతుంది. పట్టుచీర దగ్గర ఆ చనువు లేదు, చీర ఇంట్లోనే ఉంటుంది, పక్కన పెట్టి చూస్తారు. పొందూరు ఖద్దరు పంచె కూడా అంతే. దాని మీగడ తెలుపు నీలంగా మారితే మా వైపు పెద్దవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. చీర ముక్కో, పంచో తెప్పించుకుని ప్రింట్ పక్కన పెట్టి చూడడం తప్ప వేరే దారి లేదు.

నా అయిదు ప్రింట్లలో మధ్యదానికంటే ఒక మెట్టు ఎరుపున్నదే ఎక్కువమంది ఎంచారు. దాన్ని ఎండ తగలకుండా నల్ల కవర్లో దాచాను. కొత్త ల్యాబ్‌కి పని ఇచ్చేటప్పుడు ముందు దాన్నే పంపుతాను.