పదకొండు సబ్జెక్టులు పోయిన మెమోతో అమెరికా కాలేజీకి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. బీటెక్ రెండేళ్లయింది, తొమ్మిది బ్యాక్‌లాగ్‌లు (పాసవ్వాల్సిన సబ్జెక్టులు), మూడో ఏడాదికి పంపకుండా డిటెయిన్ చేశారు. అమెరికాలో ఏదైనా కాలేజీకి ట్రాన్స్‌ఫర్ అవ్వొచ్చా, ఆ రెండేళ్ల మార్కుల మెమోలు చూపించకుండా ఇంటర్ మార్కులతో కొత్తగా అప్లై చేస్తే ఏమవుతుంది అని అడిగావు. చివర్లో ‘ఇంట్లో ఇంకా చెప్పలేదు’ అని ఒక ముక్క కలిపావు.

నావి పదకొండు. కాబట్టి నీకంటే నేనే సీనియర్‌ని.

వెళ్లొచ్చు, నేను వెళ్లాను. మెమోలు మాత్రం దాచొద్దు. ఎందుకో చెప్పాలంటే మా నాయన కోసిన కవరు సంగతి చెప్పాలి.

మాది దామలచెరువు పక్కన పల్లె. తోతాపురి మామిడి తోట ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్‌లో రెండేళ్లు బట్టీ కొట్టి 900 దాటించాను. 2010లో తిరుపతి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. అక్కడ బట్టీ పారలేదు. ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఒక్కటే మూడుసార్లు పోయింది. 2012 ఎండాకాలానికి మొత్తం పదకొండయ్యాయి. ఇంట్లో మూడు అని చెప్పాను.

అప్పుడే ఒక స్నేహితుడు తిరుపతిలో ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్లాడు. ఏసీ గది, గోడకు లిబర్టీ విగ్రహం బొమ్మ, దాని పక్కనే శ్రీవారి పటం. టై కట్టుకున్న ఒకాయన నా మెమోలు తిరగేసి, ‘ఇవి లేవనుకోండి. ఇంటర్ అయ్యాక రెండేళ్లు తోట చూసుకున్నాడని రాసేద్దాం’ అన్నాడు. ఎంత సులువు అనుకున్నాను. ఇంటికొచ్చి, మెమోల ఊసు ఎత్తకుండా, తోట చూసుకున్నానని రాస్తే పని సులువవుతుందట అని నాయనకు చెప్పాను. ఆయన నవ్వాడు. ‘నీకు అంటు కట్టేది కూడా రాదు గదరా. ఆ దొర తోట గురించి అడిగితే ఏం చెప్తావు?’

ఆ కన్సల్టెన్సీ ఆయనకు తెలిసి చెప్పాడో తెలియక చెప్పాడో గానీ, ఇందులో నష్టమంతా మనదే. కాలేజీ అప్లికేషన్‌లో ఇంతకుముందు చదివిన ప్రతి కాలేజీ పేరూ రాయమంటారు. దాచినట్టు తేలితే ఇచ్చిన సీటు కూడా రద్దు చేస్తారు. వీసా కోసం నింపే డీఎస్-160లో కూడా చదువు వివరాలు అడుగుతారు. మామూలుగా వీసా రిజెక్ట్ అయితే 214(బి) అనే సెక్షన్ రాసిన కాగితం చేతికిస్తారు. అది దోమకాటు లాంటిది, మళ్లీ అప్లై చేసుకోవచ్చు. అబద్ధం చెప్పి వీసా తెచ్చుకోబోయాడని రాశారంటే మాత్రం అది వేరే సెక్షన్. జీవితాంతం వెంటాడుతుంది. రెండు లక్షలు తీసుకునే వాళ్లు ఈ సంగతి చెప్పరు. ఫీజు వాళ్లకు, వేటు మనకు.

సరే, కవరు. నేను అప్లై చేసింది టెక్సాస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీకి, అంటే డిగ్రీలో మొదటి రెండేళ్లు చదివే కాలేజీకి. వాళ్లు మార్కులన్నీ ఉండే అఫీషియల్ ట్రాన్స్‌క్రిప్ట్ అడిగారు. అంటే యూనివర్సిటీ వాళ్లే కవర్లో పెట్టి, అంటించి, ఆ అంటించిన చోట స్టాంపు వేసి ఇవ్వాలి. విప్పితే చెల్లదు. ఇప్పుడు చాలాచోట్ల ఆన్‌లైన్‌లో నేరుగా పంపుతున్నారు, మీరు అదృష్టవంతులు. నేను డీడీ తీసి, యూనివర్సిటీ ఊరికి రాత్రి బస్సులో పోయి, కవరు తెచ్చి, బీరువా మీద పెట్టి స్నానానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అమ్మ దానికి నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి పటం ముందు పెట్టింది. అదీ తడి పసుపు. నీలం స్టాంపు మీదికి పాకి, అది పచ్చగా మారిపోయింది. అయ్యో అయ్యో అని నేను అరుస్తుంటే నాయన, ‘ఎట్లా పాడైంది గదా, లోపల కాగితాలు తడిసినాయేమో సూస్తా’ అని చాకుతో అంచు కోసేశాడు.

లోపల నాలుగు కాగితాలు. నాయన ఒక్కో లైను మీద వేలు పెట్టి చదివాడు.

‘ఈ ఎఫ్ ఏందిరా?’

‘ఫస్టు అయ్యుంటుంది’ అంది అమ్మ.

నేను నోరు తెరవలేదు. నాయన జేబులోంచి పెన్ను తీసి, మండీలో బుట్టలు లెక్కపెట్టేటప్పుడు గీసినట్టు ఆ కవరు మీదే గీతలు గీశాడు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. మళ్లీ నాలుగు నిలువు, ఒకటి అడ్డం. ఆ పక్కన ఇంకొక్క గీత.

‘మూడన్నావే’ అన్నాడు.

ఆ రాత్రి తోటలో మోటారు షెడ్డులో పడుకున్నాడు. మూడో రోజు పొద్దున, ‘పద, ఇంకో కవరు తెద్దాం’ అని తనే బయల్దేరాడు. కదిరిలో బస్సు టీకి ఆగినప్పుడు రాత్రి రెండు దాటింది. గ్లాసు చేతికిచ్చి ఒకే మాట అడిగాడు. ‘చదవలేకపోయినావా, చదవకపోయినావా?’

మొదటి ఏడాది చదవలేకపోయానని చెప్పాను. క్లాసు ఇంగ్లీషులో జరుగుతుంటే అర్థం కాలేదు, అడగడానికి సిగ్గు. రెండో ఏడాది చదవలేదు. ఎట్లాగూ పోతాయిలే అని సినిమాలకు తిరిగాను. నాయన టీ తాగి డబ్బులిచ్చి బస్సెక్కాడు. తర్వాత ఏడాదిలో కూర్చుని పదకొండులో ఆరు సప్లీలు క్లియర్ చేశాను. నువ్వు కూడా అప్లై చేసేలోపు ఎన్ని వీలైతే అన్ని తగ్గించు. రెండు తగ్గినా రెండే.

2013లో చెన్నైలో, జెమినీ ఫ్లైఓవర్ పక్కన వీసా ఇంటర్వ్యూ. కిటికీ వెనకాల ఆవిడ అదే అడిగింది, ఇన్ని సబ్జెక్టులు ఎందుకు పోయాయని. కదిరిలో నాయనకు చెప్పిందే వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను, ఆరు క్లియర్ చేశానని కలిపాను. ఇంకో రెండు ప్రశ్నలు, అంతే, వీసా ఇచ్చేసింది. నాతో పాటు బస్సులో వచ్చిన 80 శాతం మార్కులవాడికి రాలేదు. అప్పటినుంచి నాదొక సిద్ధాంతం. వాళ్లు చూసేది మార్కులు కాదు, మార్కుల గురించి నువ్వు తడబడతావా లేదా అని. ఒక్క ఇంటర్వ్యూతో సిద్ధాంతం ఏంటని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

ఈ వీసాల దగ్గరే ఇంకో సంగతి. మా చుట్టాలు నన్ను హైదరాబాద్ పోయి వీసా దేవుడని పేరున్న చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి రమ్మని ఒకటే పోరు. వీసా వచ్చాక 108 చేయాలట. ఏడుకొండల కింద పుట్టి, కిటికీ తీస్తే కొండ కనపడే మనం ఆయన్ని చూడటానికి రాత్రంతా ప్రయాణం చేయాలా? నేను అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వచ్చాను.

ఇక నీకు పనికొచ్చేది. కమ్యూనిటీ కాలేజీల్లో చాలావాటికి ఇంటర్ పాసై, ఇంగ్లీష్ టెస్టు స్కోరు, ఏడాది ఖర్చుకు డబ్బు చూపిస్తే సీటు దొరుకుతుంది. పాత మార్కులు అడ్డం కావు. పాసైన సబ్జెక్టుల్లో సాధారణంగా సి గ్రేడు, ఆ పైన ఉన్నవాటికి క్రెడిట్లు ఇస్తారు, అంటే ఆ కోర్సులు మళ్లీ చదవక్కర్లేదని లెక్క. సిలబస్ కాగితాలు జాగ్రత్తగా పెట్టుకో, అడుగుతారు. మన దగ్గర 60 శాతం అంటే ఫస్ట్ క్లాసు, వాళ్ల దగ్గర 60 అంటే డి. అందుకే మన మార్కుల్ని వాళ్ల లెక్కలోకి మార్చే ఎవాల్యుయేషన్ చేయించాలి. నాకు 21 క్రెడిట్లు వచ్చాయి. చాలా కాలేజీల్లో క్రెడిట్లు వస్తాయి గానీ పాత గ్రేడ్లు కొత్త జీపీఏలో, అంటే 4కి లెక్కగట్టే సగటులో, కలవవు. నేను సున్నా నుంచి మొదలుపెట్టి రెండేళ్లలో 3.6 తెచ్చుకుని అదే రాష్ట్రంలో యూనివర్సిటీకి మారాను. అక్కడా పాత ట్రాన్స్‌క్రిప్ట్ అడిగారు, ఇచ్చాను.

జీపీఏ రావడానికి తెలివి పెరగలేదు. కాలిక్యులస్ ప్రొఫెసర్ వారానికి రెండుసార్లు తన గదిలో కూర్చుని ఎవరొచ్చినా చెప్తాడు. పోయి అడగడం నేర్చుకున్నాను, అంతే. తిరుపతిలో రెండేళ్లలో ఒక్కసారి కూడా చేతకాని పని.

ఒకటి గుర్తుపెట్టుకో. ఎఫ్-1లో, అంటే స్టూడెంట్ వీసా మీద, సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు చదవాలి. కష్టంగా ఉందని ఇంటర్నేషనల్ ఆఫీసుకు చెప్పకుండా ఒక కోర్సు వదిలేస్తే స్టేటస్ పోతుంది. ఇక్కడ డిటెయిన్ చేస్తారు, అక్కడ ఇంటికి పంపిస్తారు. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని. గ్యాస్ స్టేషన్లో చేతికి క్యాష్ ఇస్తారని చెప్పే అన్నలు దొరుకుతారు. దూరంగా ఉండు.

డబ్బు లెక్క మాత్రం నీ చేతిలో ఉండదు. సీటిచ్చామని కాలేజీ పంపే ఐ-20 కాగితం నాకు వచ్చినప్పుడు డాలరు 55 దగ్గరుంది, ఫీజు కట్టే 2013 ఆగస్టు చివరికి 68 దాటింది. నాయన తోట మీద ఇంకో అప్పు చేశాడు. ఆ గీతల కవరు ఇంకా ఇంట్లోనే ఉంది, అమ్మ కరెంటు బిల్లులు దాంట్లో పెడుతుంది.

ఇంట్లో చెప్పలేదన్నావు. చెప్పేటప్పుడు తొమ్మిదీ ఒకేసారి చెప్పు. నాలాగా మూడుతో మొదలుపెడితే మిగతావి చెప్పడానికి కదిరి దాకా బస్సెక్కాల్సి వస్తుంది.