తాతగారి కంచంలో తింటే పార్కిన్సన్స్ వస్తుందా?

ప్రశ్న: మా మామగారికి పార్కిన్సన్స్. మడత తప్పిన ప్రొటీన్ ఒక కణం నుంచి మరో కణానికి పాకుతుందని చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మా బాబు ఆయన కంచంలోనే తింటాడు. ఇది అంటుకుంటుందా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అంటుకోదమ్మా, బాబుని ఆపకండి. మీరు చదివిందీ నిజమే. కాకపోతే ఆ పాకడమంతా ఆయన మెదడు లోపల జరిగేది.

ఆ ప్రొటీన్ ఆల్ఫా సిన్యూక్లిన్. మీ మెదడులోనూ, నా మెదడులోనూ ఉంది. జబ్బులో అది మడత తప్పి, ఒకదానికొకటి అతుక్కుని పోగులు కడుతుంది. ల్యాబ్‌లో ఆ పోగుల్ని మేమే తయారుచేస్తాం. ప్రొటీన్ ద్రావణాన్ని 37 డిగ్రీల దగ్గర వారం రోజులు కుదుపుతూ ఉంచితే తేటగా ఉన్నది మసకబారుతుంది. తర్వాత అల్ట్రాసౌండ్‌తో ఆ పోగుల్ని సన్నని ముక్కలు చెయ్యాలి. ఇక్కడ బద్ధకిస్తే ప్రయోగం మొత్తం దండగ.

2011లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వర్జీనియా లీ బృందం ఆ ముక్కల్ని పెంపకంలో ఉన్న ఎలుక నాడీకణాల మీద వేసింది. ముందు కణాల పొడవాటి కొమ్మల్లో, తర్వాత కణం ఒంట్లో కొత్త పోగులు పుట్టాయి. చివరికి కణాలు చావడం మొదలైంది. నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్లు సరిపోల్చి చూసిన తీరు. ఆ ప్రొటీన్‌ని తయారుచేసే జన్యువే లేని ఎలుకల కణాల మీద అవే ముక్కలు వేస్తే ఏమీ పుట్టలేదు! అంటే బయటి ముక్క తోడు మాత్రమే, పేరుకునేది కణంలోని సొంత ప్రొటీన్. పాలు లేని గిన్నెలో తోడేసి ఏం లాభం?

ల్యాబ్ గిన్నెలో జరిగింది మనిషిలోనూ జరుగుతుందా అంటారేమో. కొందరు రోగుల మెదడులో పిండం నుంచి తీసిన నాడీకణాలు నాటారు. పదేళ్లు పైబడ్డాక చూస్తే, ఆ లేతకణాల్లో కొన్నింటిలోనూ ఈ ప్రొటీన్ ముద్దలే కనిపించాయని 2008లో ప్రచురించారు. పాకడానికి ఇది గట్టి సూచనే.

ఇక అంటు సంగతి. ఒకప్పుడు చనిపోయినవారి పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసిన గ్రోత్ హార్మోన్‌ని పిల్లలకు ఇంజెక్షన్లుగా ఇచ్చేవారు. వాళ్లలో కొందరికి ప్రయాన్ జబ్బు (అదీ మడత తప్పిన ఒక ప్రొటీన్ వల్లే వచ్చే మెదడు జబ్బు) వచ్చింది. కానీ అమెరికాలో అలాంటివాళ్ల వివరాలు వెతికి 2013లో ప్రచురించిన పరిశీలనలో పార్కిన్సన్స్ కేసు దొరకలేదు. ఇంజెక్షన్‌తోనే రానిది కంచంలో ఎంగిలితో వస్తుందా?

ఇంకొకటి. ప్రొటీన్ అన్న మాటకి బెదిరి ఆయనకి పప్పు, గుడ్డు మాన్పించకండి. ఆ ప్రొటీన్‌కీ దీనికీ సంబంధం లేదు. ఆయన లెవోడోపా (పార్కిన్సన్స్‌కి ఇచ్చే మందు) వాడుతుంటే మాత్రం మాత్రకీ భోజనానికీ ఎంత ఎడం ఉండాలో డాక్టరుగారిని అడగండి. పప్పన్నంతో కలిపి వేసుకుంటే కొందరికి మందు సరిగా ఒంటబట్టదు.