పడిన దోమ మళ్లీ లేస్తోందేం?

ప్రశ్న: పైరిత్రాయిడ్ తరగతి దోమల మందు కొడితే డెంగీ దోమలు పడిపోయి, కాసేపటికి లేచి ఎగిరిపోతున్నాయి. మోతాదు పెంచమంటారా?

జవాబు: వద్దు. తట్టుకునేవే మిగిలి, వాటి సంతతే పెరుగుతుంది. ఈ మందు దోమ నరాల్లో సోడియం లోపలికి వెళ్లే ద్వారాన్ని పట్టుకుని మూసుకోనివ్వదు. జన్యువు మారి, ఆ ద్వారపు ప్రోటీన్‌లో 1534వ స్థానంలో ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం బదులు సిస్టీన్ అనేది చేరితే మందు పట్టు సడలుతుంది. డీడీటీ పనిచేసేదీ అక్కడే, కాబట్టి దానికి మారినా పెద్ద లాభం ఉండదు. కొన్ని దోమలైతే మందును ఎంజైములతో ముందే విరిచేస్తాయి.

దోమలు మందును తట్టుకుంటున్నాయో లేదో తేల్చే గొట్టం పరీక్షలో వాటిని మందు పూసిన కాగితంతో గంటసేపు ఉంచి, 24 గంటలయ్యాకే చచ్చినవి లెక్కపెట్టాలి. 90 శాతం లోపు చస్తే నిరోధకత ఉన్నట్టే. అప్పుడు వేరే తరగతి మందుతో పరీక్షించి, పనిచేస్తేనే మార్చాలి.

తొట్టెల్లో నీళ్లు వారానికోసారి పారబోస్తే సరిపోదు, లోపలి గోడలు పీచుతో గట్టిగా రుద్దండి. అక్కడ అంటుకున్న గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి.