పాత బస్సును బాగు చేయించాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

కల్వకుర్తి దగ్గర మామిడితోటలో పడి ఉన్న తాతగారి బస్సును బడి పిల్లలకు చూపించేలా బాగు చేయిద్దామనుకుంటున్నాం, ముందు రంగు వేయించాలా అని అడిగారు. వద్దు తమ్ముడూ, రంగు అన్నిటికన్నా చివర.

మహబూబ్‌నగర్‌లో బస్సు బాడీల పని ఇరవై ఏళ్ళు చేశాను. ఇలాంటిదే ఒక టాటా మెర్సిడెస్ బస్సు మా షెడ్డుకు వచ్చింది. ఆ రెండు కంపెనీల పొత్తు 1954 నుంచి 1969 వరకు నడిచింది. మీ బండి ముక్కు మీద కూడా మెర్సిడెస్ గుర్తు, ఆ మూడు కోణాల నక్షత్రం ఉంటే ఎవరో పీక్కుపోకముందే తీసి ఇంట్లో దాచండి.

తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకుని కిటికీల మధ్య నిలువుగా ఉండే ప్రతి టేకు పిల్లర్‌నీ అడుగున పొడిచి చూడండి. మా బండిలో పైన ఇనుములా ఉన్న కర్ర, కింద జానెడు మేర తడిసిన అటుకుల్లా చేతికి వచ్చింది. కిటికీల నుంచి దిగిన వాన నీళ్ళు అక్కడే నిలుస్తాయి. అన్నీ మార్చేద్దామన్నాడు వడ్రంగి. మా ఉస్తాద్ ఒప్పుకోలేదు. పుచ్చినంత వరకు ఏటవాలుగా కోసి పాత టేకు ముక్కే అతికించాం. పద్నాలుగింటిలో రెండు మాత్రమే పూర్తిగా మారాయి.

అల్యూమినియం రేకుకు ఇనుప స్క్రూలు కొట్టనివ్వకండి. తడి తగిలితే ఆ చుట్టూ రేకు తెల్లపొడిగా రాలిపోతుంది. అల్యూమినియం రివెట్లే వాడండి.

ఒక్క తప్పు మాత్రం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. పెయింటర్ తొందరపడి ఎడమ వైపంతా గ్రైండర్ పెట్టి పాత రంగు గీకేశాడు. కుడి వైపు నేనే వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, అరచెయ్యంత చోటు నెమ్మదిగా రుద్దాను. నీలం కింద ఎరుపు, దాని కింద పసుపు, ఆ పసుపు మీద చేత్తో రాసిన 'దేవరకొండ', పక్కనే ఉర్దూలో అదే పేరు. ఎడమ వైపు ఏం రాసి ఉండేదో ఇక ఎవరికీ తెలియదు. అందుకే గ్రైండర్‌ను బండి దగ్గరికి రానివ్వకండి.

హైదరాబాద్ బస్‌భవన్‌లో 1932 నాటి ఆల్బియన్ బస్సు ఉంది, నిజాం రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైన రోజులది. పని మొదలుపెట్టేముందు మీ వడ్రంగికి అది చూపించండి. కోల్‌కతాలోనైతే 1938 నాటి ట్రామ్‌నే చిన్న మ్యూజియం చేశారు, పిల్లలు లోపలికెక్కి చూడొచ్చు. మీరూ అలా చేస్తే బాగుంటుంది.

వానలు పడేలోపు పైన రేకుల షెడ్డు వేయండి. టార్పాలిన్ బిగించి కట్టొద్దు, లోపల చెమ్మ పడుతుంది. పిల్లర్ల అడుగు భాగం ఫోటోలు పెట్టండి, ఏవి ఉంచవచ్చో చూసి చెప్తాను.