భారత ఫుట్‌బాల్‌లో ఐ-లీగ్ రెండో శ్రేణి లీగ్‌గా ఎప్పుడు, ఎలా మారింది?

అధికారికంగా 2022-23 సీజన్ నుంచి. 1996లో మొదలైన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ స్థానంలో 2007లో ఐ-లీగ్ వచ్చింది. అప్పుడది దేశంలో అగ్రశ్రేణి; తొలి విజేత గోవా జట్టు డెంపో.

2014లో 8 జట్లతో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) మొదలయ్యాక లెక్క మారింది. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య 2017లో దాన్ని గుర్తించింది, 2019లో కౌలాలంపూర్‌లో భారత లీగ్‌ల మార్గసూచీ (రోడ్‌మ్యాప్) ఖరారైంది. దాని ప్రకారం ఐ-లీగ్ విజేతకు ఐఎస్ఎల్‌లో చోటు: 2023లో పంజాబ్, 2024లో మొహమెడన్ స్పోర్టింగ్ అలా పైకెళ్లాయి. ఒక్క జట్టుకే అవకాశం కావడంతో హైదరాబాద్‌కు చెందిన శ్రీనిధి దక్కన్ ఆ రెండుసార్లూ రెండో స్థానంలో ఆగిపోయింది. ఇది నిజంగా బాధాకరం. పైగా 2024-25లోనూ ఐఎస్ఎల్‌లో అట్టడుగు జట్టు కిందికి దిగలేదు.